స్పెక్ట్రమ్‌కి ఆట రాసి అమ్మకానికి పెడితే వారం తిరక్కుండానే ఫ్రీ ప్యాక్‌లో తేలింది, ఇంకోటి రాయాలా వద్దా?

టేప్_లోడింగ్
స్పెక్ట్రమ్ 48కే, అంటే 80ల నాటి బ్రిటన్ ఇంటి కంప్యూటర్, క్యాసెట్ టేపు నుంచి ఆటలు లోడ్ చేసుకునేది, దాని కోసం ఒక ఆట రాశాను. పాతబస్తీ డాబాల మీద పతంగుల పోటీ, మాంజా తెగితే గల్లీల్లో పరిగెత్తి పట్టుకోవాలి. పగలు ఆఫీసు, రాత్రి పిల్లలు పడుకున్నాక జెడ్80 అసెంబ్లీ (దాని చిప్‌కి అర్థమయ్యే కోడ్), అలా ఏడాది పైనే పట్టింది. 300 రూపాయలు పెట్టాను, బయటి దేశాల వాళ్లకి 4 డాలర్లు. కొన్నవాళ్లు వందలోపే. అందులో మనవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, దానికి నేనేం బాధపడలేదు, ముందే తెలుసు. కానీ వారం తిరక్కుండానే ఎవరో దాన్ని తీసుకెళ్లి ‘మొత్తం ఆటలు’ అనే ఒక పెద్ద ప్యాక్‌లో పడేశారు. అది కూడా సరే అనుకున్నా. మొన్న చూస్తే ఒక ఆన్‌లైన్ షాపువాడు అదే ప్యాక్‌ని ఎస్‌డీ కార్డులో వేసి అమ్ముతున్నాడు, ఆ పేజీలో నా ఆట స్క్రీన్‌షాటే ముందు పెట్టాడు! వాడికి డబ్బులొస్తున్నాయి, నాకు మెయిల్స్ వస్తున్నాయి. రెండోది సగం రాసి ఉంది. పూర్తి చేయాలా, హార్డ్ డిస్కులోనే పడుకోబెట్టాలా, చెప్పండి.

బిట్టు_మలక్‌పేట్
300 అంటే ఒక ప్లేటు హలీమ్. దానికి కూడా దొంగతనమా భాయ్.

నిజం_మాట్లాడతా
కోపం తెచ్చుకోకు గానీ, 40 ఏళ్ల కింది మెషీన్‌కి డబ్బులిచ్చి ఆట కొనేవాళ్లు వందమంది దొరకడమే గొప్ప. సరదాకి రాశావు, సరదాకే పంచేయి. టెన్షన్ ఉండదు.

టేప్_లోడింగ్
@నిజం_మాట్లాడతా సరదాకి చేస్తే ఊరికే ఇవ్వాలని ఎక్కడ రాసుంది? మా పిన్ని సరదాగానే ఆవకాయ పెడుతుంది, జాడీ మాత్రం డబ్బులకే ఇస్తుంది.

రామ్‌కోఠి_64కే
పిన్ని ఫోన్ నంబర్ పెట్టు ముందు. ఆట సంగతి తర్వాత చూద్దాం.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్_తాత
ఈ గొడవ మీ తరంతో మొదలైంది కాదు నాయనా. 1976 ఫిబ్రవరి 3న బిల్ గేట్స్ కంప్యూటర్ హాబీవాళ్లకి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే తొలినాటి చిన్న కంప్యూటర్‌కి వాళ్లు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసి అమ్మితే, జనం అది ఉన్న పేపర్ టేపులు కాపీ చేసి క్లబ్బుల్లో పంచుకున్నారు. ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో పది శాతం కూడా బేసిక్ కొనలేదు, లెక్కేస్తే మా శ్రమకి గంటకి రెండు డాలర్లు కూడా గిట్టలేదు అని అందులో ఏడ్చాడు. అప్పుడాయనకి ఇరవై ఏళ్లు. తర్వాత ఆయన ఎక్కడికి వెళ్లాడో మీకు తెలుసు, కాబట్టి ఆ ఏడుపు ఇప్పుడు ఎవరికీ జాలి పుట్టించదు. కానీ ఆ లేఖ రాసిన రోజున ఆయన కూడా మన టేప్_లోడింగ్ లాంటివాడే, మార్కెట్ చిన్నది, కొనేవాళ్లు కొందరు, తెచ్చుకునేవాళ్లు అందరూ.

ఇక మన సంగతి. 80ల్లో పుణేకి చెందిన డెసిబెల్స్ వాళ్లు స్పెక్ట్రమ్ ప్లస్‌ని ఇక్కడ అమ్మారు. మా పక్క క్వార్టర్స్‌లో ఒకాయన కొన్నాడు. మెషీన్ అయితే వచ్చింది గానీ ఆటల క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయి? లండన్ నుంచి ఎవరైనా తేవాలి. వచ్చిన ఒక్క క్యాసెట్‌ని సినిమా పాటలు రికార్డు చేసే షాపుకి తీసుకెళ్లి కాపీలు తీయించేవాళ్లం. మొదటిసారి ఆ షాపువాడు టేపు పెట్టి ఆ కీచుమనే శబ్దం విని, హెడ్ పాడైందనుకుని స్పిరిట్ పెట్టి తుడవడం మొదలుపెట్టాడు. ఇది పాటే బాబూ, ఇలాగే ఉంటుంది అంటే మమ్మల్ని అదో రకంగా చూశాడు. అప్పుడు కొనే దారే లేదు, దొంగతనం అన్న మాట కూడా మాకు తట్టలేదు. ఇప్పుడు దారి ఉంది. నా దృష్టిలో తేడా అక్కడే.

టర్బోసీ_బాధితుడు
దారి లేదు అంటే గుర్తొచ్చింది. మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఇప్పటికీ టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0 అనే పాత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో, నీలం స్క్రీన్. ప్రతి బెంచీ మీదా. దానికి ఎవరు ఎప్పుడు డబ్బు కట్టారో ప్రిన్సిపాల్ గారికి కూడా తెలియదు.

అమీగా_అన్న
@టర్బోసీ_బాధితుడు అది తయారుచేసిన బోర్లాండ్ వాళ్లు టర్బో సీ 2.01, టర్బో సీ ప్లస్ ప్లస్ 1.01 పాత సామాన్ల కింద ఉచితంగా ఇచ్చేశారు. 3.0 ఆ జాబితాలో లేదు. మన దేశం మాత్రం సరిగ్గా ఆ లేని దాన్నే పట్టుకుంది.

కలెక్టర్_సాబ్
నా దగ్గర ఆ ప్యాక్ ఉంది, దాచుకోవడం ఎందుకు. అందులో వేలకొద్దీ ఆటలున్నాయి. నీ పతంగుల ఆట అందులో ఉందని ఈ థ్రెడ్ చదివాకే తెలిసింది. నేను దాన్ని ఎప్పుడూ తెరవలేదు, తెరిచేవాణ్ణి కూడా కాదు. అంటే నీకు పోయింది ఏముంది? ప్రతి కాపీనీ ఒక అమ్మకం పోయినట్టు లెక్కేయడం పెద్ద కంపెనీల అలవాటు.

అసలు ఈ కాపీలు చేసేవాళ్లు లేకపోతే పాత ఆటల్లో సగం ఈ రోజు ఉండేవే కావు. కంపెనీలు మూతపడ్డాయి, మాస్టర్ టేపులు చెత్తలోకి పోయాయి, ఫ్లాపీల మీద బూజు పట్టింది. క్రాక్ చేసిన (తాళం తీసేసిన) కాపీలే మిగిలాయి.

టేప్_లోడింగ్
@కలెక్టర్_సాబ్ పోయింది ఏంటో చెప్తా వినండి. డబ్బు లెక్క పక్కన పెడదాం.

ప్యాక్‌లో ఉన్నది నా మొదటి వెర్షన్. అందులో మూడో స్టేజీలో ఒక బగ్ ఉంది, పతంగి కరెంటు తీగకి తగిలితే ఆట బిగుసుకుపోతుంది. రెండు రోజుల్లోనే సరిచేసి కొన్నవాళ్లందరికీ పంపాను. కానీ ప్యాక్‌వాళ్లకి అది వెళ్లదు కదా. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో మెయిల్స్, ఆట బిగుసుకుపోతోంది, నీకు రాయడం రాదా అని. కొన్న మనిషా కాదా అని అడిగితే మొరటుగా ఉంటుంది. అడక్కపోతే కొనని వాళ్లకి సర్వీసు చేస్తూ కూర్చోవాలి. కీల వివరాలు, నా పేరు, మ్యూజిక్ చేసిన ఫ్రెండ్ పేరు ఉన్న టెక్స్ట్ ఫైలు కూడా తీసేశారు. ఒక వీడియో ఛానల్లో నా ఆట ఆడుతూ ‘1980ల నాటి ఎవరికీ తెలియని భారతీయ ఆట’ అని పెట్టాడు ఒకతను. నేను పుట్టిందే 1987లో!

పిక్సెల్_పద్మ
😂 పురావస్తు శాఖవాళ్లకి చెప్పండి, బోర్డు పెడతారు.

సీరియస్‌గా, నేను ఇండీ (పెద్ద కంపెనీ లేకుండా సొంతంగా చేసే) ఆటలకి బొమ్మలు గీస్తాను. చిన్న మార్కెట్లలో పేరు తీసేయడమే పెద్ద దెబ్బ. డబ్బు ఎలాగూ తక్కువే, ఆ పేరు చూసే ఇంకో పని వస్తుంది.

నిజం_మాట్లాడతా
అయితే కాపీ ప్రొటెక్షన్ పెట్టు. ఏడవడం కన్నా అది నయం.

రామ్‌కోఠి_64కే
@నిజం_మాట్లాడతా స్పెక్ట్రమ్‌లో కాపీ ప్రొటెక్షనా, జోకు బాగుంది. టేపు నుంచి ఆటని ఎక్కించే లోడర్ ఎంత గట్టిగా రాసినా, ఆట ఒకసారి మెమరీలోకి వచ్చాక ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) ఒక్క బటన్ నొక్కితే మొత్తం 48కే ఫైలుగా దిగిపోతుంది. ఎస్‌ఎన్‌ఏ స్నాప్‌షాట్ (అలా దించిన ఫైలు) అంటే 49,179 బైట్లు, అందులో 27 బైట్లు ప్రాసెసర్ ఏ స్థితిలో ఉందో చెప్పే హెడర్, మిగతా 49,152 ఉన్న ర్యామ్ ఉన్నట్టే. తాళం వేసిన టేపు టేపులాగే ఉంటుంది, లోపల సరుకు బయట. ఇక తాళానికి విలువేముంది?

అప్పట్లో కాగితాలతో ఆపాలని చూశారు. 1984లో జెట్ సెట్ విల్లీ అనే ఆటతో రంగుల గడుల కార్డు ఇచ్చారు, ఏ గడిలో ఏ రంగు ఉందో ఆట అడిగేది. కలర్ జిరాక్స్ అందుబాటులో లేని రోజులు. పిల్లలు కూర్చుని స్కెచ్ పెన్నులతో ఎత్తి రాసేశారు. ఆ తర్వాత లెన్స్‌లాక్ అని ఒక ప్లాస్టిక్ ముక్క వచ్చింది. స్క్రీన్ మీద చెదిరిన అక్షరాలు, ఈ ముక్కని టీవీకి ఆనించి చూస్తే కలిసి కనపడతాయి. టీవీ మరీ పెద్దదైనా చిన్నదైనా కనపడదు. పైగా స్పెక్ట్రమ్‌కి వచ్చిన ఎలైట్ అనే ఆట కాపీలు కొన్నిటిలో వేరే ఆట తాలూకు లెన్స్ పెట్టి పంపారు. డబ్బిచ్చి కొన్నవాడు టీవీ ముందు ఒక కన్ను మూసుకుని కూర్చున్నాడు, కాపీ తెచ్చుకున్నవాడు హాయిగా ఆడుకున్నాడు.

చిక్కడపల్లి_డీటీపీ
ఈ బాధ నాకు తెలుసు సార్. మాది పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు పోస్టర్లు. 90ల చివర్లో ఒక తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ అప్పు చేసి ఒరిజినలే కొన్నాను, ప్రింటర్ పోర్టుకి తగిలించే డాంగిల్ వచ్చింది, అది తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. మా వీధిలో నేనొక్కణ్ణే కొన్నది, మిగతావాళ్లు సీడీ తెచ్చుకున్నారు. కొన్నేళ్లకి కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే పోయింది. కంపెనీని అడిగితే కొత్త వెర్షన్ మళ్లీ కొనమన్నారు. పక్క షాపువాడి సీడీ మాత్రం ఏ సిస్టమ్‌లో వేసినా నడిచింది. ఇప్పటికీ నా డాంగిల్ కోసం ఒక విండోస్ 98 డబ్బా మూలన పెట్టుకున్నాను, పాత ఫైళ్లు తెరవాలంటే అదే దిక్కు. యూనికోడ్‌కి మారండి అంటారు, ఇరవై ఏళ్ల పత్రికలు పాత ఫాంట్లలో ఉన్నాయి, ఎవరు మారుస్తారు?

కాబట్టి టేప్_లోడింగ్ తమ్ముడూ, తాళాలు మాత్రం పెట్టకు. నీ దగ్గర కొన్నవాణ్ణి ఏడిపించకు.

బిట్టు_మలక్‌పేట్
@చిక్కడపల్లి_డీటీపీ అన్నా ఆ 98 డబ్బా మోనిటర్‌తో సహా అమ్మితే చెప్పు.

చిక్కడపల్లి_డీటీపీ
అమ్మను.

అమీగా_అన్న
నా అభిప్రాయం వేరు. చిన్న ప్లాట్‌ఫామ్‌ని పైరసీ నిజంగానే చంపుతుంది. కమొడోర్ వాళ్ల అమీగా కంప్యూటర్ చూడండి. డిస్కులు కాపీ కొట్టే ఎక్స్‌కాపీ ప్రోగ్రామ్ లేని ఇల్లు లేదు. డిస్క్ పెట్టడం, కాపీ కొట్టడం, స్కూల్లో పంచడం. ప్రచురించేవాళ్లు విసిగిపోయి కార్ట్రిడ్జ్ కన్సోళ్ల వైపు వెళ్లారు, అక్కడ ఇంట్లో కూర్చుని కాపీ తీయడం కుదరదు. 1994లో కమొడోర్ దివాళా తీసింది.

రామ్‌కోఠి_64కే
అన్నా, కమొడోర్ దివాళాకి పైరసీ కారణమా? 1985లో వచ్చిన అమీగా చిప్‌సెట్‌కి చెప్పుకోదగ్గ మార్పు రావడానికి 1992లో ఏజీఏ అనే కొత్త గ్రాఫిక్స్ చిప్‌లు వచ్చేదాకా పట్టింది. ఆలోపు పీసీలు వీజీఏ గ్రాఫిక్స్, సౌండ్ కార్డులతో దాటిపోయాయి. పీసీల్లో మాత్రం పైరసీ లేదా? కోఠి ఫుట్‌పాత్ మీద సీడీలు కుప్పలు పోసి అమ్మేవాళ్లు, పీసీ చచ్చిందా?

అమీగా_అన్న
పీసీకి ఆఫీసులున్నాయి, కొనేవాళ్లు కోట్లలో ఉన్నారు, సగం పోయినా తట్టుకుంటుంది. అమీగాకి ఆ మందం లేదు. అదే కదా నేను చెప్పేది, మార్కెట్ ఎంత చిన్నదైతే దెబ్బ అంత లోతుగా తగులుతుంది. యాజమాన్యం కూడా ముంచింది, ఒప్పుకుంటా, కానీ రెండూ కలిసే ముంచాయి.

ఇంకో సంగతి, అమీగా చచ్చిపోయింది అనుకునేవాళ్ల కోసం. పాత 68000 చిప్ అమీగాలకి 2018లో అమీగా ఓఎస్ 3.1.4 వచ్చింది, 2021లో 3.2 వచ్చింది. అంటే 80ల నాటి అమీగా 500కి 2021లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్! అది రాసినవాళ్లు గుప్పెడుమంది, చాలామంది సాయంత్రాలు కూర్చుని చేసినవాళ్లే. అమ్మేది కొద్ది కాపీలు. అది కూడా నెట్‌లో ఊరికే దించుకుని, తర్వాతి వెర్షన్ ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్లని చూశాను, ఒళ్లు మండుతుంది.

కిక్‌స్టార్ట్ రోమ్, అంటే అమీగా ఆన్ అవ్వడానికి దాని చిప్‌లో ఉండే ప్రోగ్రామ్, అది కూడా అంతే. అది ఇప్పటికీ హక్కులున్న సరుకే, 1997 నుంచి అమీగా ఫరెవర్ పేరుతో లైసెన్సుతో దొరుకుతోంది. ఎంతమంది కొన్నారు మన గ్రూపులో? చేతులెత్తండి.

బిట్టు_మలక్‌పేట్
చేయి నొప్పిగా ఉంది.

కలెక్టర్_సాబ్
స్పెక్ట్రమ్ రోమ్‌కి ఆ గోల లేదు. 1986లో స్పెక్ట్రమ్ తయారుచేసిన సింక్లెయిర్ నుంచి కంప్యూటర్ల వ్యాపారాన్ని ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీ కొనుక్కుంది, 1999లో ఎమ్యులేటర్లతో రోమ్ పంచుకోవచ్చు అని ఆమ్‌స్ట్రాడ్ వాళ్లే అనుమతిచ్చారు. వాళ్లకి పోయిందేం లేదు, ఆ ఒక్క మాటతో ఎన్ని ఎమ్యులేటర్లు బతికాయో చూడండి. హక్కుదారులు అలా పెద్దమనసు చేసుకుంటే ఎవరు దొంగతనం చేస్తారు.

నాంపల్లి_వకీలు
ఆమ్‌స్ట్రాడ్ అడిగితే ఇచ్చింది. టేప్_లోడింగ్‌ని ఎవరైనా అడిగారా? అడగకుండా తీసుకుని, నీది పెద్దమనసు కాదు అనడం భలే వాదన.

చట్టం సంగతి చెప్తాను, ఫీజు లేదు. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందే లెక్క. రాసిన మనిషి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. మెషీన్ తయారీ ఆగిపోయింది, కంపెనీ మూతపడింది అనేవి ఏ సెక్షన్‌లోనూ లేవు. అబాండన్‌వేర్ (కంపెనీ వదిలేసిన సాఫ్ట్‌వేర్) అనేది నెట్‌లో పుట్టిన మాట, చట్టానికి తెలియదు. కొన్నవాళ్లు తమ కాపీ పోకుండా బ్యాకప్ తీసుకోవచ్చు, అది సెక్షన్ 52(1)(ఏఏ). తెలిసి తెలిసి దొంగ కాపీని కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బీ కింద వారం రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడితే కోర్టు జైలు లేకుండా జరిమానాతో వదిలేయొచ్చు.

300 రూపాయల ఆట కోసం కేసు వేస్తావా అంటే వద్దనే చెప్తాను, ఆ షాపువాడు వేరే దేశంలో ఉంటే మరీ వద్దు. కానీ వాడు పెట్టుకున్న సైటుకి తీసేయమని నోటీసు పంపడానికి వకీలు అక్కర్లేదు, ఒక మెయిల్ చాలు. ఆట నీదే అని చూపించే పాత సోర్స్ ఫైళ్లు, తేదీలు జాగ్రత్తగా పెట్టుకో.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్_తాత
వకీలు గారూ, పాటల క్యాసెట్ షాపు కథ 80ల నాటిది. ఏమైనా ఉంటే కాలదోషం పట్టి ఉంటుంది కదా?

నాంపల్లి_వకీలు
మీరు నిశ్చింతగా మందులు వేసుకుని పడుకోండి సార్.

పిక్సెల్_పద్మ
అసలు కొనడం ఎంత కష్టమో ఎవరూ మాట్లాడట్లేదు. నాకు ఒక సీ64 (కమొడోర్ 64 అనే పాత కంప్యూటర్) ఆట కావాలి, నిజంగా డబ్బిచ్చి. ఆ సైటులో పేపాల్, కార్డు ఉన్నాయి. నా డెబిట్ కార్డు తీసుకోదు. క్రెడిట్ కార్డుకి విదేశీ లావాదేవీలు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, పైన ఫీజు. క్యాసెట్టో కార్ట్రిడ్జో తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ కలిపి ఆట ధర కన్నా ఎక్కువ. అదే ప్యాక్ అయితే ఒక్క క్లిక్. మంచి బుద్ధి ఉన్నా ఓపిక ఉండాలి కదా.

టేప్_లోడింగ్ గారూ, మీరు ఇండియావాళ్లకి ఎలా అమ్ముతున్నారు?

టేప్_లోడింగ్
పేపాల్.

పిక్సెల్_పద్మ
ఇద్దరూ ఇండియాలో ఉంటే పేపాల్ పనిచేయదు! 2021 ఏప్రిల్ నుంచి దేశంలో దేశంలో చెల్లింపులు ఆపేశారు. మీ దగ్గర కొన్న ఆ కొద్దిమంది మనవాళ్లు ఎలా కొన్నారు మరి?

టేప్_లోడింగ్
ఫ్రెండ్స్. చేతికి నోట్లు ఇచ్చారు.

రామ్‌కోఠి_64కే
హైదరాబాద్‌లో కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంది. మనవాడు మాత్రం 1982 ధర్మం పాటిస్తున్నాడు.

నిజం_మాట్లాడతా
అదీ సంగతి. పైరసీ అని ఇంతసేపు లొల్లి, అసలు కౌంటరే తెరవలేదు.

అమీగా_అన్న
@నిజం_మాట్లాడతా కౌంటర్ తెరవకపోతే గోడ దూకమని కాదు. బయటి దేశాల వాళ్లకి పేపాల్ ఉంది, ప్యాక్ చేసింది వాళ్లే కదా.

రామ్‌కోఠి_64కే
పనికొచ్చే మాట ఒకటి. ప్రతి కొనుగోలుదారుకీ వేరే ఫైలు ఇవ్వు, టైటిల్ స్క్రీన్ మీద ‘ఈ కాపీ ఫలానా వారిది’ అని. తాళం కాదు, కొన్నవాడికి అదో ముచ్చట. ఎవరి కాపీ బయటికి వెళ్లిందో నీకూ తెలుస్తుంది.

టేప్_లోడింగ్
ఆలోచించాను. 48కేలో స్క్రీనుకే 6,912 బైట్లు పోతాయి, మిగిలిన దాంట్లో మ్యాపులు, స్ప్రైట్లు (కదిలే బొమ్మలు), మ్యూజిక్ కుక్కాక నాకు మిగిలింది వంద బైట్ల లోపు. పేరుకి 20 బైట్లు దొరుకుతాయి. కానీ ఇద్దరు వాళ్ల ఫైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే తేడా ఉన్న బైట్లు ఇట్టే దొరుకుతాయి, సున్నాలు పెట్టి వదిలేస్తారు.

రామ్‌కోఠి_64కే
పెట్టనీ. అంత కష్టపడేవాడు ఎలాగూ ఆగడు. ఊరికే ఫ్రెండుకి పంపేవాడు మాత్రం తన పేరు చూసి ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

కలెక్టర్_సాబ్
ఒక మాట ఒప్పుకుంటా. ఎస్‌డీ కార్డులో వేసి అమ్మేవాడు, ఉచితంగా దాచిపెట్టేవాడు ఒకటి కాదు. మొదటివాడిది వ్యాపారం. మా ఆర్కైవ్‌లలో పద్ధతి ఉంటుంది, వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్ సైటులో హక్కుదారు వద్దంటే ‘డిస్ట్రిబ్యూషన్ డినైడ్’ (పంచడానికి ఒప్పుకోలేదు) అని పెట్టి ఫైలు తీసేస్తారు, వివరాలు మాత్రం ఉంచుతారు. ఈ ప్యాక్ నడిపేవాళ్లలో ఒకరు నాకు తెలుసు. తీసేయమని రాయనా? లేకపోతే కొత్త వెర్షన్ వేయమననా?

టేప్_లోడింగ్
@కలెక్టర్_సాబ్ రాయండి, మేలు చేసినవారవుతారు. ఒక ఏడాది తీసేయమనండి. ఆ తర్వాత నేనే బగ్ లేని వెర్షన్, టెక్స్ట్ ఫైలుతో సహా ఇస్తాను, దాచుకోండి. నేను పోయాక కూడా ఆట ఉండాలనే నాకూ ఉంది, కానీ నా పేరుతో ఉండాలి.

నిజం_మాట్లాడతా
ఏడాది ఎందుకు, ఆర్నెల్లు చాలు. ఇలాంటి ఆటలు కొనేవాళ్లు మొదటి నెలలోనే కొంటారు.

పిక్సెల్_పద్మ
ఏడాదే ఉంచండి. పండగ డిస్కౌంటు అని సంక్రాంతికి ఇంకోసారి అమ్మొచ్చు. పతంగుల ఆట సంక్రాంతికి కాక ఎప్పుడు అమ్ముతారు అసలు?

కలెక్టర్_సాబ్
రాశాను. జవాబు కూడా వచ్చింది, వచ్చే వెర్షన్‌లో తీసేస్తారట. ఇప్పటికే దించుకున్న వాళ్ల దగ్గర ఉన్నది మాత్రం ఎవరూ తీయలేరు, అది అర్థం చేసుకో. షాపువాడి సంగతి నాకు తెలియదు.

టేప్_లోడింగ్
థాంక్స్ సాబ్. షాపువాడికి, సైటువాళ్లకి ఇద్దరికీ మెయిల్ పెట్టాను. సైటువాళ్ల నుంచి టికెట్ నంబర్ ఒకటి వచ్చింది అంతే. స్క్రీన్‌షాట్ మాత్రం మార్చాడు వాడు, ఇప్పుడు వేరే ఎవరి ఆటో ఉంది అక్కడ. పాపం వాళ్లెవరో.

యూపీఐ ఈ రోజే పెడుతున్నా. రెండో ఆట పూర్తి చేస్తాను, కానీ ఈసారి ముందు క్యాసెట్లు, డౌన్‌లోడ్ ఫైలు రెండు నెలల తర్వాత. క్యాసెట్ కాపీలు తీసేవాళ్లు సిటీలో ఇంకా ఎవరైనా ఉన్నారా?

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్_తాత
మా ఇంట్లో రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ ఉంది, బెల్టు మార్చాలి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఆదివారం రా, మోటారు స్పీడు కూడా సరిచూద్దాం, అది కాస్త అటూ ఇటూ అయినా లోడ్ అవ్వదు.

బిట్టు_మలక్‌పేట్
300 పంపాను, పాత ఆటకే. 128కే స్పెక్ట్రమ్‌లో నడుస్తుందా?

టేప్_లోడింగ్
@బిట్టు_మలక్‌పేట్ వచ్చాయి. మెనూలో 48 బేసిక్ ఎంచుకుని తర్వాత లోడ్ చేయి, నడుస్తుంది. టైటిల్ మీద పేరు ఏమని వేయమంటావు? 20 అక్షరాలు దాటొద్దు.